రాళ్లొడిసిన నాడు

సెప్టెంబరు పదహారు. రాత్రి పదకొండు దాటింది.
హన్మకొండ చౌరస్తా వెనుక గల్లీల
నా ఫ్లెక్సు మిషను ఎడమకు పోతది, కుడికి వస్తది,
మా నాయిన మగ్గం మీద నాడె ఆడినట్టే.
ఆయన చీరెలు నేసిండు,
నేను పేర్లు నేస్తున్న.

ముందుగాల కారు దిగినాయన
"విమోచన దినం" అన్నడు, పది బై ఇరవై, అయిదు కాపీలు.
తర్వాత బుల్లెట్ బండాయన
"విలీనం అని పెద్దగ కొట్టు తమ్మీ,
మా లీడరు తలకాయ ఇంకింత పెద్దగ."
ఆఫీసు నుంచి అటెండరు కాయిదం తెచ్చిండు,
అండ్ల ఇంకో పేరు. ఎనుకటి సర్కారు పెట్టింది కాదు.
పదిన్నరకు ఒక్కడు నడిచొచ్చి
నల్లగుడ్డ మీద "విద్రోహం" రాయమన్నడు,
సగం పైసలిచ్చి మిగిలినయి రేపన్నడు.

నాలుగింటికీ నేను పెట్టిన బొమ్మ ఒక్కటే.
మా ఊరి బురుజు,
ఫోనుల తీసింది, పక్కన కరెంటు తీగ చెరిపేసి.

యాకూబ్ పాషా కట్టుతీగ తెంపుకుంట అడిగిండు,
"అన్నా, ఇంతకూ రేపేం పండుగ?"
సెలవురా, అన్న.
"మరి మనకెందుకు లేదు?"

మా అవ్వ బుచ్చవ్వకు రేపటితోని పని లేదు.
ఆమె దినం ఆషాఢంల వస్తది.
మా ఊరి కొట్లాట ముందుగాల అయింది,
రాజ్యం కూలింది ఇంక రెండేండ్లకు.
సెలవు కూలిన నాటికిచ్చిన్రు,
మొదలువెట్టిన నాటికి కాదు.

అప్పుడామెకు పదకొండేండ్లు.
వాగుల కోడిగుడ్డంత రాళ్లేరి
గంపకెత్తి బురుజెక్కుడు ఆమె పని.
ముప్పై ఎనిమిది మెట్లు,
ఇప్పటికీ మోకాలు పట్టుకొని లెక్కవెడుతది.
పైన వడిసెల తిప్పేటోళ్లు ఆరుగురు,
అండ్ల ఉస్సేను తాత గురి తప్పకపోయేదట.
యాకూబుకు ఆయన ఏమైతడో నేనెన్నడూ అడగలే.

గడీ మనుషులు ముందు, పోలీసులెనుక.
"తుపాకంటె పెండ్లిల కాల్చే ఔటనుకున్నం బిడ్డా,
చప్పుడే గద అనుకున్నం."

అంబటాళ్లకు రాళ్లొడిసినయి.
వాగు తొవ్వ వాళ్ల చేతుల పడ్డది.
మా ముత్తవ్వ ఒక్క మాట మాట్లాడలే.
ఇంట్లకు పోయి
ఉడికే గటుక కుండ దించి కింద పెట్టి
పొయ్యిరాళ్లు పెకిలించింది.
ఇంటింటికీ అదే చప్పుడు, గడ్డపార, మన్ను, రాయి.
మసి పట్టినయి, ఇంకా సల్లారనియి,
కొంగు సుట్టి నెత్తినెత్తుకొని
ఎక్కింది మా అవ్వ.
కొంగు కాలింది. నెత్తి కాలింది.
"గవి వడిసెలకు బరువాయె,
మెట్ల మీదికెల్లి దొర్లిచ్చిన్రు, గంతే."

ఎవరు గెలిసిన్రే అవ్వా అంటె
ఆ రాత్రి ఊర్ల పొగ లేదంటది.
ఎవరెవరు పోయిన్రే అంటె
కుండల గటుక పులిసిందంటది.
ఇంకా అడిగితె బీడీ ముట్టిస్తది.

తెల్లారి రెండు రాళ్లు దొరికినయి.
మూడోది ఎవని మీద పడ్డదో.
ఇప్పటికీ ఆమె పొయ్యికి
రెండు రాళ్లు, ఒక ఇటుక.
గ్యాసు పొయ్యి తెచ్చిస్తె
దాని మీద దువ్వెన పెట్టుకున్నది.

పన్నెండున్నరకు ఫోను.
ముసలి కండ్లకు నిద్ర రాదు.
"ఓదెలూ, పొయ్యి మీద కురుస్తుందిరా,
నీ దుకాణంల పెద్దగుడ్డ ఒకటి పంపు."
ఏది పంపాలె అవ్వా, నాలుగు తీర్లున్నయి.
"మందంగున్నది.
రాత కిందికి చేసి కప్పుత."

మిషను ఆగింది.
రోలు కొసకు ఆరడుగులు తెల్లగ మిగిలింది.
బయట వాన మొదలైనట్టున్నది, రేకుల మీద సన్నగ.
"దీని మీద ఏం పేరు కొడదాం అన్నా?"
యాకూబు కత్తెర పట్టుకొని నిలబడ్డడు.
ఏం వద్దు, కొలువు, అన్న.
మూడు రాళ్ల మీదికి...
కాదు,
రెండు రాళ్లు, ఒక ఇటుక మీదికి
సరిపోవాలె.